బడి కంచంలో గుడ్డు ఎందుకుండాలి?

పిల్లలకు బలమైన తిండి పెట్టాలని ఇవాళ అందరూ అంటున్నారు. చిప్సు మానిపించండి, పండ్లు తినిపించండి అని పత్రికలు రాస్తున్నాయి. అది డబ్బా కట్టి పంపే ఇళ్లకు చెప్పే మాట. పొద్దున యిన్ని టీ నీళ్లు తాగి బడికొచ్చే కూలోళ్ల పిల్లకు మధ్యాహ్నం బడిలో పెట్టేదే ఆ పూటకు అసలు తిండి. ఆ కంచంలో ఏముంది, ఎవరు వొండారు, ఎవరి పక్కన కూచోబెట్టి పెట్టారు - యీ మూడూ కలిపి చూడకుండా బడిపిల్లల ఆరోగ్యం గురించి మాట్లాడటం కుదరదని మేం అనుకుంటున్నాం.

1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం యీ పథకం మొదలుపెట్టినప్పుడు చాలా రాష్ట్రాలు అన్నం పెట్టలేదు. పిల్లకు నెలకు 3 కిలోల గింజలు కొలిచిచ్చి చేతులు దులుపుకున్నాయి. ఆ గింజలు ఇంటిల్లిపాదీ తినేవాళ్లు. పియుసిఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న వొండిన అన్నమే పెట్టాలన్నది. రోజుకు కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు, ఏడాదికి 200 రోజులన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి బడుల్లో పొయ్యి వెలిగింది.

పొయ్యి వెలగ్గానే కులం కూడా బయటపడింది. దళిత స్త్రీ వొండితే మా పిల్లలు తినరన్న ఊళ్లున్నాయి. వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న కోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. సుఖదేవ్ థోరట్, జోయల్ లీ 2005లో ప్రచురించిన వ్యాసం 5 రాష్ట్రాల్లో 531 గ్రామాల సర్వే ఆధారంగా యీ వివక్షను లెక్కలతో చూపింది.

ఇక కంచం సంగతి. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం 5వ తరగతి దాకా పిల్లకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. 6 నుంచి 8 దాకా 700 కేలరీలు, 20 గ్రాములు అందాలి. చిన్నపిల్లకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు అని కొలత. లెక్క వేసి చూడండి. బియ్యంలోంచి 7 గ్రాముల దాకా, పప్పులోంచి 4 గ్రాముల పైన మాంసకృత్తులు వస్తాయి. అంటే సగానికి పైగా అన్నంలోవే. బియ్యపు మాంసకృత్తుల్లో లైసిన్ తక్కువ, ఆ లోటు పూడ్చేది పప్పు. ఆ పప్పు కాస్తా పలచటి చారైతే 12 గ్రాములు కాగితం మీద ఉంటాయి గానీ కంచంలో ఉండవు.

అందుకే మేం గుడ్డు దగ్గర ఆగుతున్నాం. వొక గుడ్డులో దాదాపు 6 గ్రాముల మేలైన మాంసకృత్తులు, విటమిన్ ఎ, ఆకుకూరల్లో దొరకని బి12 ఉంటాయి. అంతకన్నా పెద్ద సంగతి, గుడ్డును నీళ్లు పోసి పెంచలేరు. వచ్చిందో రాలేదో రెండో తరగతి పిల్ల కూడా చెప్పగలదు.

ఇంత తేలిక సంగతికి అడ్డుపడేది వైద్యులు కాదు. 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి అంగన్‌వాడీల్లో గుడ్డు పెట్టే ప్రతిపాదనను తోసిపుచ్చారు. 2021లో కర్ణాటక బడుల్లో గుడ్డు మొదలుపెడితే కొందరు మఠాధిపతులు లేచారు. ఎవరి పిల్లలు తినే కంచం గురించి ఎవరు మాట్లాడుతున్నారు? గుడ్డు తినని పిల్లకు అరటిపండు ఇవ్వొచ్చు, అనేక చోట్ల ఇస్తున్నారు కూడా. తినే పిల్ల నోటి దగ్గరిది తీసెయ్యడం ఆరోగ్యం ఎట్లా అవుతుంది? ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వారానికి 5 గుడ్లని మెనూలో పెట్టారు.

మా వాడల తిండిని చూసి ముక్కు మూసుకున్నవాళ్లే ఇవాళ జొన్నలు, రాగులు సిరిధాన్యాలంటూ పొట్లాలు కట్టి అమ్ముతున్నారు. జొన్న గట్క, పుంటికూర, తుమ్మికూర, ఎండుచేపలు, పెద్దకూర - ఇవి తినే మా అమ్మలు కాయకష్టం చేశారు. నూరు గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. 2023లో ఆంధ్రలో రాగిజావ బడికొచ్చింది. మంచిదే. ఆలస్యంగానైనా వచ్చింది.

వొండే ఆమెను మర్చిపోయి మెనూ రాస్తే లాభం లేదు. 2009లో కేంద్రం ఆమెకు ఖరారు చేసిన గౌరవ వేతనం నెలకు 1000 రూపాయలు, అదీ 10 నెలలకే. రాష్ట్రాలు తర్వాత కొంత కలిపాయి. బిల్లులు ఆగినప్పుడు సరుకు అప్పు తెచ్చేది ఆమే. అంగడివాడు అప్పు ఆపితే కంచంలోంచి ముందు పోయేది ఖరీదైన సరుకు. అప్పుడు ఊరు ఆమెనే తిడుతుంది.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులుండాలి, అందులో మనవాళ్లకు దామాషా ప్రకారం చోటుండాలి. సంఘాల్లో పనిచేసే మిత్రులు ఆ కమిటీలో వాడ నుంచి ఎవరున్నారో ముందు కనుక్కోవాలి. హాజరు ఎంత, ఆ రోజు గుడ్లు ఎన్ని అన్న రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చదవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. బంతిలో ఎవరిని ఎక్కడ కూచోబెట్టారన్నది మాత్రం ఏ రిజిస్టరులోనూ ఉండదు. దానికి అన్నం గంట కొట్టే వేళకే బడికి పోవాలి.