ఇళ్ల డీలరుకు ఏ యంత్రం అవసరం?

ఢిల్లీలో ఏ పేటకు వెళ్లినా కిరాణా కొట్టు, మందుల దుకాణం కనిపించినంత తరచుగా ‘ప్రాపర్టీ డీలర్’ అన్న బోర్డు కనిపిస్తుంది. మన వైపు బ్రోకరు అంటాము, కొంచెం మర్యాదగా మధ్యవర్తి అంటాము. ఇక్కడివారికి డీలరు అన్న మాటే ఇష్టం. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడకు వేలాడే తాళంచెవుల గుత్తులు, మూలన ఒక దేవుని పటం - ఒకప్పుడు ఈ వృత్తికి ఇంతకు మించిన పెట్టుబడి అక్కరలేదు. ఇప్పుడు ఆ బల్ల మీద కనీసం రెండు సెల్‌ఫోన్లు ఉంటాయి. ఆ ఎదుటి కుర్చీలో ఏదో ఒక కొత్త సాధనాన్ని అమ్మజూపే యువకుడు కూర్చుని ఉంటాడు. ఇంటిని నలుదిక్కులా తిప్పి చూపే కెమెరా, వచ్చినవారి వివరాలను తానే వర్గీకరించే సాఫ్ట్‌వేర్, ప్రకటనను తానే రాసిపెట్టే కృత్రిమ మేధ, ఇల్లు వెతుకుతున్నవారి ఫోను నంబర్లను గుత్తగా ఇచ్చే వెబ్‌సైట్ల చందా - వీటిలో దేని మీద డబ్బు పెట్టాలన్నది చిన్న డీలరుకు ఒక పట్టాన తెగని ప్రశ్న.

ఇది డీలర్ల సొంత వ్యవహారమే కదా, దీనికి ఈ శీర్షికలో చోటెందుకని పాఠకులు అనుకోవచ్చు. కాని రాజధానికి వచ్చే తెలుగు కుటుంబం మొదట తలుపు తట్టేది ఈ డీలరుదే. డెప్యుటేషన్ మీద వచ్చిన ఉద్యోగి, సివిల్ సర్వీసుల పరీక్షకు చదివే విద్యార్థి, పదవీ విరమణానంతరం పిల్లల దగ్గరే ఉండిపోదామని ఫ్లాటు వెతికే దంపతులు - వీరందరికీ ఊరు కొత్త, ఇక్కడి కాగితాల భాష మరీ కొత్త. డీలరు ఏ సాధనాన్ని చేతబట్టాడన్న దాని మీద ఒక్కొక్కసారి వారి జీవితకాలపు పొదుపే ఆధారపడి ఉంటుంది.

నా అభిప్రాయం ముందే చెప్పివేస్తాను. ఇంటిని అందంగా చూపే సాధనాలు కావలసినన్ని వచ్చాయి. ఇంటి కాగితాన్ని పరీక్షించే సాధనాలు కూడా వచ్చాయి. అవి చాలావరకు ప్రభుత్వానివే, ఖర్చూ నామమాత్రమే. నేను చూసినంతలో మొదటి రకానికి ఉన్న గిరాకీ రెండవదానికి లేదు.

ఫొటోల సంగతే తీసుకుందాం. ముఖర్జీనగర్‌లోనో, పాత రాజేంద్రనగర్‌లోనో గది కావలసిన విద్యార్థి నేడు కరీంనగర్‌లోనో గుంటూరులోనో కూర్చునే దానిని ఖాయం చేసుకోగలుగుతున్నాడు. డీలరు వాట్సాప్‌లో వీడియో పంపుతాడు, ఇతడు అడ్వాన్సు పంపుతాడు. రైలు ఛార్జీ, రెండు రోజుల బస ఖర్చు కలిసివచ్చే మాట నిజమే. కాని వైడ్ యాంగిల్ లెన్సు ముందు ఇరుకు గది కూడా హాలులా కనిపిస్తుంది. గోడలోని చెమ్మ, పక్క సందు వాసన ఏ కెమెరాకూ ఎక్కవు. ముందే తీసి ఉంచిన వీడియో కాకుండా, ఫోనులో మాట్లాడుతూనే వీధి మొగ నుండి మొదలుపెట్టి, మెట్లెక్కి, కుళాయి తిప్పి, కిటికీ తెరిచి చూపమని అడిగితే మోసానికి ఆస్కారం చాలావరకు తగ్గుతుంది. ఇందుకు మామూలు ఫోను చాలును, లక్షల కెమెరా అక్కరలేదు.

కుళాయి తిప్పి చూపినా తెలియని సంగతి ఒకటున్నది. 2024 జులై 27న పాత రాజేంద్రనగర్‌లో ఒక కోచింగ్ కేంద్రపు నేలమాళిగలోకి వాననీరు వరదలా చొరబడి ముగ్గురు విద్యార్థులు మరణించారు. గ్రంథాలయంగా వాడుతూ వచ్చిన ఆ నేలమాళిగకు కాగితాలలో ఉన్న అనుమతి వాహనాలు నిలపడానికి, సామాను నిల్వకు మాత్రమే. లోపల నిలబడి తీసే ఏ ఫొటో అయినా దీపాలను, బల్లలను, పుస్తకాలను చూపుతుందే గాని అనుమతిని చూపదు. ఇటువంటి చోట గదినో, చదువుకునేందుకు సీటునో ఇప్పించే డీలరు ముందుగా మంజూరైన ప్లాను నకలు అడగాలి. యజమాని దానిని ఇవ్వనంటే, ఆ ఒక్క మాటతో తెలియవలసినదంతా తెలిసిపోతుంది.

అమ్మకాలకు వస్తే చిక్కు ఇంకా లోతైనది. ఖస్రా నంబరు అంటే తెలంగాణ పాఠకులకు ఖాస్రా పహాణీ గుర్తుకు వస్తుంది కనుక కొత్తగా తోచదు. లాల్ డోరా అన్నది మాత్రం ఈ ఉత్తరాది మాటే: రెవెన్యూ పటంలో గ్రామకంఠం చుట్టూ గీసిన ఎర్రగీత. ఆ గీత లోపలా, ఆవలి పొలాలలోనూ అనుమతి లేకుండా లేచిన కాలనీలలో దశాబ్దాలపాటు ఇళ్లు చేతులు మారినది రిజిస్టరైన విక్రయపత్రంతో కాదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అమ్మకపు ఒప్పందం, వీలునామా - ఈ మూడింటి కట్టను చేతిలో పెట్టి తాళంచెవి ఇచ్చేవారు. 2011 అక్టోబరు 11న సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు ఇటువంటి కట్ట వల్ల యాజమాన్యం బదిలీ కాదని తేల్చివేసింది. లక్షలాది కుటుంబాలు త్రిశంకు స్వర్గంలో పడ్డాయి. వారిని గట్టెక్కించేందుకు 2019లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి, 1,731 కాలనీల నివాసులకు హక్కులు గుర్తించే మార్గం ఏర్పరచింది. పి.ఎం. ఉదయ్ అని పిలిచే ఆ పథకాన్ని ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీకి అప్పగించారు. సైనిక్ ఫార్మ్స్ వంటి సంపన్నుల కాలనీలను మినహాయించారు.

అసలు సాంకేతిక విద్య అవసరమయ్యేది ఇక్కడనే. ఈ పథకం కింద దరఖాస్తు చేయాలంటే ఇంటి స్థలాన్ని ఆ అథారిటీ గుర్తించిన సర్వే సంస్థ చేత కొలిపించి, ఉపగ్రహ సహాయంతో దాని స్థానాన్ని నిర్ధారింపజేసుకోవాలి. డీలరు ఫోనులోని మ్యాపు ఒక గుండుసూదిని చూపుతుంది, సరిహద్దును చూపదు. రెండు గల్లీల తేడాతో ఒక ఇల్లు జాబితాలోని కాలనీలో ఉండవచ్చు, పక్క ఇల్లు బయట పడవచ్చు. కాలనీ పేరు జాబితాలో ఉన్నదా, దాని సరిహద్దు పటం ఏమంటున్నది అని వెబ్‌సైటులో చూడటానికి పట్టే వ్యవధి టీ చల్లారే లోపే. ఇంతమాత్రం చేయకుండా ఇంటిని డ్రోనుతో ఆకాశం నుండి చిత్రించి చూపేవారిని చూస్తే నవ్వు వస్తుంది.

మనవారికి ఒక మంచి అలవాటు ఉన్నది. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కార్డ్ పథకంతో రిజిస్ట్రేషన్ కార్యాలయాలలో కంప్యూటర్లు పెట్టిన నాటి నుండి, ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు - అదే మన ఈ.సి. - చేతికి అందడం సులువైనది. అది చూడనిదే బయానా ఇవ్వని జాగ్రత్తపరులను మన పట్టణాలలో ఎందరినో ఎరుగుదును. అయితే ఆ అలవాటును ఢిల్లీకి యథాతథంగా తెచ్చుకుంటే ప్రమాదమే. ఈ.సి.లో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. పైన చెప్పిన కట్ట కాగితాలు రిజిస్టరు కాకపోతే అందులోకి రావు. దస్తావేజులను బ్యాంకులో ఉంచి తీసుకునే అప్పుకు కూడా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కనుక, ఈ.సి. అద్దంలా ఉన్నా ఇల్లు తాకట్టులో ఉండవచ్చు.

ఈ లోపాన్ని పూడ్చేందుకే 2011లో సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ ఏర్పడింది. ఒకే ఇంటిని చూపి పలు బ్యాంకుల వద్ద అప్పులు చేసే దగాను అరికట్టడం దాని లక్ష్యం. బ్యాంకులు, గృహరుణ సంస్థలు తాకట్టు పెట్టుకున్న ఆస్తుల వివరాలు అందులో నమోదు కావాలి. స్వల్ప రుసుము చెల్లిస్తే ఎవరైనా వెతికి చూడవచ్చు. ఢిల్లీలో పాత ఇంటిని పడగొట్టి, అంతస్తులు లేపి, ఒక్కో అంతస్తును ఒక్కొక్కరికి అమ్మే పద్ధతి ఉన్నది. దానిని బిల్డర్ ఫ్లోర్ అంటారు. స్థలం మొత్తాన్ని బ్యాంకులో పెట్టి, మూడవ అంతస్తును రిటైరైన గుమాస్తాకు అంటగట్టే అవకాశం ఇక్కడ ఎంతైనా ఉన్నది. డీలరు కొనదగిన సాధనాలలో ఈ శోధన అన్నింటికంటె చవక, అన్నింటికంటె విలువైనది. వడ్డీ వ్యాపారి వద్ద చేసిన అప్పు ఇందులో కనిపించదు. దానికి ఇరుగుపొరుగును అడిగే పాత పద్ధతే గతి.

రెరా గురించి రెండు మాటలు చాలు. 2016 నాటి ఆ చట్టం ప్రకారం, నమోదైన కొత్త ప్రాజెక్టులలో అమ్మకాలు కుదిర్చే ఏజెంటు రిజిస్టరు చేసుకోవాలి, కుదిర్చిన ప్రతి అమ్మకంలోనూ ఆ నంబరు పేర్కొనాలి. అద్దె బేరాలు, పాత ఇళ్ల మారుబేరాలు దాని పరిధిలోకి రావు. కనుక గోడ మీద ఆ ధ్రువపత్రం వేలాడుతున్నంత మాత్రాన మీ బేరానికి రక్షణ వచ్చినట్లు కాదు.

డబ్బు చెల్లింపు విషయంలో డీలర్లు ఇప్పటికీ నగదునే ఇష్టపడతారు. కాని స్థిరాస్తి బేరంలో 20,000 రూపాయలు గాని, అంతకు మించి గాని అడ్వాన్సుగా నగదు పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 నుండి నిషేధించింది. 2020 డిసెంబరు నుండి ఆర్.టి.జి.ఎస్. పద్ధతి రాత్రింబవళ్లు, సెలవు దినాలలో కూడా పనిచేస్తున్నది కనుక బ్యాంకు మూసివేశారన్న సాకు చెల్లదు. అద్దె ఇళ్లలో ఇంకొక మోసం బాగా వ్యాపించింది. సైనికోద్యోగినని చెప్పుకునే వ్యక్తి ఇల్లు చూడకుండానే నచ్చిందంటాడు, అడ్వాన్సు పంపుతున్నానని ఒక క్యూ.ఆర్. కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ నొక్కమంటాడు. డబ్బు రావడానికి పిన్ నొక్కనవసరం లేదన్న సంగతి డీలరు తన వద్ద ఇల్లు పెట్టిన ప్రతి యజమానికీ చెప్పాలి.

ఇక మిగిలినది, నన్ను అన్నింటికంటె కలవరపెట్టినది, ఆ బల్ల మీది ఫోను. అందులో వందలాది కుటుంబాల ఆధార్ కార్డులు, జీతపు చీటీలు, అద్దె ఒప్పందాలు పెళ్లి ఫొటోల నడుమ కలిసిపోయి ఉంటాయి. కుర్రవాడు ఉద్యోగం మానితే అవన్నీ అతనితో పాటు పక్క దుకాణానికి పోతాయి. ఏడాదికి 20 లక్షల టర్నోవరు దాటిన రిజిస్టర్డు ఏజెంట్లను 2020 డిసెంబరులో మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి తెచ్చి, ఖాతాదారుల గుర్తింపు రికార్డులను భద్రపరచమన్నారు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో వేరే చట్టం వచ్చింది. ఒకటి దాచమంటుంది, రెండవది అనవసరంగా దాచవద్దంటుంది. రెండింటికీ సరిపడే ఉపాయం పెద్ద సాఫ్ట్‌వేర్ కానక్కరలేదు: వ్యాపారానికి వేరు ఫోను, ఇంటికొక ఫోల్డరు, తాళం వేసిన ఒక నకలు, బేరం కుదరనివారి కాగితాలు నెల తిరిగేసరికి చెరిపివేసే నియమం. కిరాయిదారు పోలీసు తనిఖీకి ఢిల్లీ పోలీసులు ఆన్‌లైన్ సౌకర్యం కల్పించారు కనుక, ఆధార్ నకలును ముగ్గురు మనుషుల వాట్సాప్ మీదుగా ఠాణాకు పంపవలసిన పని కూడా లేదు.