ఈవీ కొంటున్నారా? అప్‌డేట్స్ ఎన్నేళ్లొస్తాయో అడిగారా?

ఈ ఎపిసోడ్ ఎలక్ట్రిక్ కార్ల గురించి. రేంజ్, ఛార్జింగ్ సంగతులు షోరూమ్ వాళ్లే చెప్తారు కాబట్టి వాటి జోలికి పోను. వాళ్లు చెప్పని విషయం ఒకటుంది, అది మాట్లాడుకుందాం.

ఫోన్ కొనేటప్పుడు మనం "అప్‌డేట్స్ ఎన్నేళ్లొస్తాయి?" అని అడుగుతాం కదా. పిక్సెల్ 8కి గూగుల్, గెలాక్సీ ఎస్24కి శాంసంగ్ 7 ఏళ్లు ఇస్తామని ముందే చెప్పేశాయి. మరి లక్షలు పోసి కారు కొంటున్నప్పుడు? బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ అని చాలా కంపెనీలు పెద్ద అక్షరాల్లో వేస్తాయి. మన దగ్గర సొంత కారుకి ఆర్‌సీ 15 ఏళ్లు. సాఫ్ట్‌వేర్‌కి మాత్రం అలాంటి తేదీ మామూలుగా ఎక్కడా కనిపించదు.

ముందు ఒకటి అర్థం చేసుకోండి. కారులో సాఫ్ట్‌వేర్ అంటే ఒకే ముక్క కాదు. సులువుగా మూడు భాగాలు అనుకుందాం. ఒకటి, మనం చూసే పెద్ద స్క్రీన్. రెండు, బ్యాటరీ, మోటారు, బ్రేకుల్ని నడిపించే లోపలి సాఫ్ట్‌వేర్. మూడు, కారులోని సిమ్, కంపెనీ సర్వర్, మన ఫోన్‌లో ఉండే యాప్. ఈ మూడింటి ఆయుష్షు ఒకేలా ఉండదు.

స్క్రీన్ సంగతి చూద్దాం. 2012లో వచ్చిన టెస్లా మోడల్ ఎస్‌లో ఎన్విడియా టెగ్రా 3 చిప్ ఉండేది. 2018లో దాని బదులు ఇంటెల్ చిప్ పెట్టారు. 2019లో కారులోనే నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్ చూసే ఫీచర్ ఇచ్చినప్పుడు పాత చిప్ ఉన్న కార్లకి అది రాలేదు. కావాలంటే డబ్బులు కట్టి కొత్త కంప్యూటర్ వేయించుకోవాలి. 2020లో అమెరికాలో దాని ధర 2,500 డాలర్లు.

అదే పాత కంప్యూటర్‌లో ఇంకో తిరకాసు బయటపడింది. అందులో 8 జీబీ ఫ్లాష్ మెమరీ ఉంది. ఫ్లాష్ మెమరీ మీద ఇన్నిసార్లే రాయగలం, ఆ లెక్క దాటితే అరిగిపోతుంది. అది అరిగితే స్క్రీన్ పోతుంది, దాంతో రివర్స్ కెమెరా కూడా కనిపించదు. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ పట్టుబట్టాక, 2021 ఫిబ్రవరిలో సుమారు 1,35,000 కార్లని రీకాల్ చేసి ఉచితంగా బాగుచేశారు. చూడండి, ఫీచర్‌కి జేబులోంచి కట్టాలి, భద్రత అయితే కంపెనీ భరించాలి. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఇక సిమ్. అమెరికాలో ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో 3జీ ఆపేసింది. దాని మీద ఆధారపడిన పాత నిస్సాన్ లీఫ్‌లకి కనెక్షన్ పోయింది. బ్రిటన్‌లో కూడా 2024 ఏప్రిల్ 1 నుంచి పాత లీఫ్‌లకి యాప్ సేవలు ఆగిపోయాయి. కారు నడుస్తుంది, ఛార్జింగ్ ఎక్కుతుంది. కానీ ఇంట్లో కూర్చుని ఫోన్ నుంచి ఏసీ ఆన్ చేయడం, ఛార్జింగ్ ఎంతుందో చూడడం బంద్.

అసలు కంపెనీయే లేకపోతే? అమెరికాలో ఫిస్కర్ 2024 జూన్‌లో దివాలా పిటిషన్ వేసింది. ఓషన్ అనే కారు కొన్న వేలమంది దిక్కుతోచక చివరికి తామే ఒక సంఘం పెట్టుకున్నారు. మిగిలిపోయిన 3,000కు పైగా కార్లని అమెరికన్ లీజ్ అనే సంస్థ కొంది. తీరా చూస్తే, ఆ కార్ల సమాచారాన్ని కొత్త సర్వర్‌కి మార్చడం సాంకేతికంగా కుదరదని ఫిస్కర్ చెప్పింది. విషయం కోర్టుకెక్కింది.

ఎందుకు ఎప్పటికీ అప్‌డేట్స్ ఇవ్వరు? నేను బీటెక్ తర్వాత సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌గా పనిచేశాను కాబట్టి లోపలి లెక్క చెప్తా. కొత్త వెర్షన్ రాసిన ప్రతిసారీ దాన్ని పాత హార్డ్‌వేర్‌లన్నిటి మీదా టెస్ట్ చేయాలి. కారైతే పరీక్ష ఇంకా కఠినం, ఎందుకంటే బగ్ వస్తే యాప్ క్రాష్ అవ్వడంతో ఆగదు. పాత కారు నుంచి కొత్త ఆదాయం రాదు, ఖర్చు మాత్రం ఆగదు. యూరప్‌లో 2024 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ ఆర్156 అనే అప్‌డేట్ నిబంధన అమల్లో ఉంది. అది కూడా అప్‌డేట్‌ని సురక్షితంగా ఎలా ఇవ్వాలో చెప్తుందే గానీ, ఇన్నేళ్లు ఇవ్వాలని చెప్పదు.

కాబట్టి షోరూమ్‌లో ఇవి అడగండి. భద్రతకి సంబంధించిన అప్‌డేట్స్ ఎన్నేళ్లు, రాసిస్తారా? సిమ్ సేవలు ఎన్నేళ్లు ఉచితం, తర్వాత ఏడాదికి ఎంత? నెట్, యాప్ లేకుండా ఏమేం పనిచేస్తాయి? సర్వీస్ సెంటర్‌లో అప్‌డేట్ చేస్తే డబ్బులు తీసుకుంటారా?

సెకండ్ హ్యాండ్ ఈవీ అయితే ఇంకా జాగ్రత్త. చివరి అప్‌డేట్ ఎప్పుడొచ్చిందో స్క్రీన్ మీద చూడండి. పాత ఓనర్ అకౌంట్ మీ పేరు మీదకి మారిందో లేదో, డబ్బులు ఇచ్చే ముందే తేల్చుకోండి. లేదంటే కారు మీ ఇంట్లో, దాని లొకేషన్ వాళ్ల ఫోన్‌లో ఉంటుంది.

అప్‌డేట్ ఆగినంత మాత్రాన కారు ఆగిపోదు, భయపడక్కర్లేదు. కానీ ఈఎంఐ తీరకముందే అప్‌డేట్స్ ఆగిపోతే, అమ్మేటప్పుడు నష్టపోయేది మనమే. మీ ఇంట్లో ఎవరైనా ఈవీ బుక్ చేయబోతుంటే ఈ వీడియో వాళ్లకి పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను మరి.