భూమి పట్టా, చదువు పట్టా: పశ్చిమ ప్రకాశం బాలికలకు వ్యవసాయ విద్య

నల్లమల తూర్పు అంచున, గిద్దలూరుకు ఆనుకొని ఉన్న రాచర్ల మండలానికి అన్నిటికంటే దగ్గరి ప్రభుత్వ వ్యవసాయ కళాశాల ఒంగోలు వైపున లేదు, కొండకు ఆవల ఉంది. గిద్దలూరులో రైలెక్కితే దిగువమెట్ట దాటి, అడవి నడుమ నుంచి నంద్యాల చేరవచ్చు. అక్కడికి కొద్ది దూరంలోనే మహానంది వ్యవసాయ కళాశాల 1991 నుంచి పనిచేస్తున్నది. అదే రైలుమార్గంలో ఎదురు దిక్కుకు పోతే గుంటూరు, అక్కడినుంచి 1945లో ఆరంభమైన బాపట్ల కళాశాల. దారి ఉంది, కళాశాలలు ఉన్నాయి. అయినా రాచర్ల వంటి మెట్ట మండలంలో కందిచేను కలుపు తీసే తల్లి కుమార్తె ఆ కళాశాలకు చేరేలోపు దాటవలసిన మెట్లు ఏమిటి? వాటిలో ఎన్ని ఆమె ప్రతిభకు సంబంధించినవి, ఎన్ని సంబంధించనివి? విస్తరణ శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నను తమదిగా భావించవలసిన సమయం వచ్చింది. ఐక్యరాజ్యసమితి 2026ను అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించడం అందుకొక సందర్భం మాత్రమే. కారణాలు అంతకంటే పాతవి.

గుండ్లబ్రహ్మేశ్వరం ప్రాంతపు అడవుల్లో పుట్టిన గుండ్లకమ్మ రాచర్ల మండలంలోని నెమలిగుండం మీదుగా కంభం చెరువు వైపు సాగుతుంది. ఆ చెరువును విజయనగర కాలంలో ఒక గజపతి రాజకుమారి కట్టించినదని ప్రతీతి. నది సాగే చోటే అయినా మండలంలో సాగు ఎక్కువగా వానమీద, బోరుమీద ఆధారపడినది. వెలిగొండ నీటికోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ప్రాంతమిది. కంది, పత్తి, మిరప, సజ్జ, కొర్ర, పాడి పశువులు ఇక్కడి కుటుంబాల ఆధారాలు. మిరప నారు నాటడం, కలుపు తీయడం, పత్తి ఏరడం, కాయ కోత, కందుల నూర్పిడి, విత్తనం దాచడం, పాలు పితకడం చాలావరకు స్త్రీల చేతుల మీదుగా జరుగుతాయి. పక్కనే ఉన్న మార్కాపురం గనులనుంచి దేశంలోని బడిపిల్లలకు తరతరాలుగా రాతి పలకలు వెళ్ళాయి. ఆ పలకలు చెక్కిన ఇళ్ళలోని పిల్లలందరూ పలక పట్టలేదన్నది కూడా ఈ ప్రాంతపు చరిత్రలో భాగమే.

దేశవ్యాప్త సగటులు చూస్తే సమస్య తీరిపోయినట్లే కనిపిస్తుంది. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే 2021-22 ప్రకారం ఉన్నత విద్యలో స్త్రీల స్థూల నమోదు నిష్పత్తి 28.5, పురుషులది 28.3. వ్యవసాయ కళాశాలల తరగతి గదుల్లోనూ అమ్మాయిలు ఇప్పుడు అరుదైన దృశ్యం కారు. ఒకప్పుడు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చేరే స్త్రీకి గృహ విజ్ఞాన శాస్త్రమే సహజమైన చోటన్న అభిప్రాయం ఉండేది. నేడు సస్యశాస్త్రం, కీటకశాస్త్రం, ప్రజననశాస్త్రం విభాగాల్లో స్త్రీలు పరిశోధకులుగా, ఆచార్యులుగా ఉన్నారు. ఇది సాధారణ విజయం కాదు. అయితే ఈ అమ్మాయిలు ఏ ఊళ్ళనుంచి, ఏ కుటుంబాలనుంచి వస్తున్నారో సగటు చెప్పదు. పట్టణపు కార్పొరేట్ కళాశాలలో శిక్షణ పొందిన విద్యార్థిని, మండల కేంద్రంలోని ప్రభుత్వ పాఠశాల విద్యార్థిని ఆ లెక్కలో ఒకటే.

సీట్ల కేటాయింపులో గ్రామీణుల పక్షాన ఉన్న ఏర్పాటు రైతు వాటా. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయ డిగ్రీ సీట్లలో 40 శాతం రైతు కుటుంబాల పిల్లలకు కేటాయించారు. అభ్యర్థి కనీసం నాలుగేళ్ళు పురపాలక పరిధిలో లేని ప్రాంతంలో చదివి ఉండాలి, కుటుంబానికి కనీసం ఎకరం సాగుభూమి ఉండాలి. మహిళలకు మూడోవంతు సీట్ల రిజర్వేషన్ దీనికి సమాంతరంగా వర్తిస్తుంది. పొలం తెలిసిన పిల్లలు వ్యవసాయ శాస్త్రం చదవాలన్న ఈ ఆలోచనలో తప్పు పట్టవలసింది లేదు. 1964లో ఆవిర్భవించి, 1996లో రైతు నాయకుడు రంగా పేరు పెట్టుకొన్న విశ్వవిద్యాలయానికి అది తగినదే.

చిక్కు ‘రైతు’ అన్న మాటను కాగితం మీద నిర్ణయించే పద్ధతిలో ఉంది. దేశంలో పనిచేసే గ్రామీణ స్త్రీలలో నూటికి 75 మందికి పైగా వ్యవసాయంలోనే ఉన్నారని ఇటీవలి శ్రామిక సర్వేలు చెబుతున్నాయి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం స్త్రీల నిర్వహణలో ఉన్న కమతాలు సుమారు 14 శాతమే. పని చేసేది ఒకరు, పాసుపుస్తకం మరొకరి పేరిట. తండ్రి పేరిట ఎకరం ఉన్నంతవరకు కుమార్తె ప్రవేశానికి ఇది అడ్డు కాదు. అయితే తండ్రి మరణించి భూమి ఇంకా తాత పేరిటనే ఉన్న ఇంటిలో, భర్త వదిలి వెళ్ళగా పుట్టింట ఉంటూ కూలికి పోయే తల్లి ఇంటిలో, పదెకరాలు కౌలుకు చేస్తూ సొంతానికి సెంటు భూమి లేని ఇంటిలో పుట్టిన బాలిక వ్యవసాయం ఎంత తెలిసినదైనా ఈ వాటాలోకి రావడం కష్టం. చదువు పట్టాకు భూమి పట్టా తాళంచెవి అయినప్పుడు, భూమి పట్టా లేని స్త్రీల కుమార్తెలే గడప దగ్గర ఆగిపోతారు.

ఈ సందర్భంలో ఆంధ్రప్రదేశ్ శాసన చరిత్రను గుర్తుచేసుకోవాలి. కేంద్ర చట్టం 2005లో హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కు కల్పించింది. ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే, అంటే ఇరవై ఏళ్ళ ముందే, ఆ హక్కును అమలులోకి తెచ్చింది. ఆ తేదీకి ముందే పెళ్ళయిన కుమార్తెలకు అది వర్తించలేదు. తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వెలిసింది కూడా ఆ కాలంలోనే, 1983లో. భూమిలోనూ చదువులోనూ స్త్రీకి వాటా కల్పించే ప్రయత్నాలు దాదాపు ఒకేసారి మొదలయ్యాయన్నమాట. చదువు ముందుకు పోయింది. భూమి హక్కు మాత్రం కట్నం మాటున, అన్నదమ్ములతో మంచితనం మాటున చాలా ఇళ్ళలో కాగితం దగ్గరే నిలిచింది. విస్తరణ సిబ్బంది గ్రామసభల్లో ఎరువుల గురించి మాట్లాడినంత తేలికగా ఈ మాట ఎత్తలేరు. కుటుంబ భూమిలో కొంత భాగమైనా తల్లి పేరిట నమోదు కావడం కుమార్తె ఉన్నత విద్యకు కూడా ఉపకరిస్తుందని చెప్పడానికి మాత్రం ఎవరికీ ఇబ్బంది ఉండనవసరం లేదు.

అసలు సీటు వరకూ వెళ్ళకముందే తెగిపోయే దారం మరొకటి ఉంది. బి.ఎస్సీ. వ్యవసాయానికి ఇంటర్మీడియట్‌లో విజ్ఞాన శాస్త్రాలు చదివి, ఈఏపీసెట్ రాయాలి. పదో తరగతి ముగిసిన కొద్ది వారాల్లో, పదిహేను పదహారేళ్ళ వయసులో, బాలిక ఏ గ్రూపు తీసుకున్నదన్నదాని మీద ఆమె వ్యవసాయ శాస్త్రవేత్త కాగలదా లేదా అన్నది తేలిపోతుంది. ఆ నిర్ణయాన్ని చాలాసార్లు ఆమె అభిరుచి శాసించదు. దగ్గరి బాలికల వసతిగృహంలో ఖాళీ ఉందా, అక్కడి కళాశాలలో బైపీసీ ఉందా, సాయంత్రం ప్రయోగశాల ముగిశాక ఊరికి బస్సు ఉందా అన్నవే ఎక్కువగా శాసిస్తాయి. రాచర్ల పరిసర గ్రామాల బాలికలకు ఇంటర్ చదువంటే గిద్దలూరో, కంభమో, మార్కాపురమో. రోజూ పోయి రావడమా, హాస్టలా అన్న ప్రశ్నకు ఇంట్లో సంతృప్తికరమైన జవాబు దొరకకపోతే తరువాతి మాట పెళ్ళే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం 20-24 ఏళ్ళ స్త్రీలలో 18 ఏళ్ళు నిండకముందే వివాహమైనవారు దేశంలో 23.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. ఇంటర్ రెండో సంవత్సరం, పెళ్ళిచూపులు ఒకే వయసులో వచ్చే ఈ తాకిడిని ప్రవేశ ప్రకటనలు పట్టించుకోవు.

వసతి లేకపోవడం ఎంతటి అడ్డో తెలుగు ప్రాంతంలో ఎప్పుడో రుజువైంది. దుర్గాబాయి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పట్టం చదవగోరినప్పుడు స్త్రీలకు హాస్టలు లేదన్న కారణంతో ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి మొదట చేర్చుకొనలేదు. చదువుకోవాలనుకొనే స్త్రీలు తనను కలవవలసిందిగా ఆమె పత్రికల్లో ప్రకటించి, వచ్చినవారితో కలిసి వసతి ఏర్పాటు చేసుకొన్నాకనే ప్రవేశం లభించింది. అర్హత, తెలివి, విశ్వవిద్యాలయం అన్నీ ఉన్నా లేనిది ఒక కప్పు మాత్రమే. తరువాతి కాలంలో ఆమె చదువు మధ్యలో ఆగిన వయోజన స్త్రీలకు తక్కువ కాలంలో పరీక్షకు సిద్ధమయ్యే సంక్షిప్త కోర్సులను కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ద్వారా దేశమంతటా నడిపించారు. వెనుకబడిన విద్యార్థినిని విశ్వవిద్యాలయం స్థాయికి రమ్మనడంతో సరిపెట్టక, ఆమె ఉన్న చోటినుంచి అక్కడిదాకా మెట్లు కట్టడం ఆ పద్ధతిలోని సారం.

ఆసియాలో ఇతరత్రా జరిగిన ప్రయత్నాలూ ఇదే చెబుతున్నాయి. కొరియాలోని ఎవా మహిళా విశ్వవిద్యాలయం 1886లో ఒకే ఒక్క విద్యార్థినితో బడిగా మొదలైంది. 1916లో కర్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం మాతృభాషలో బోధనను ఆధారం చేసుకొన్నది. 2008లో బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్‌లో తరగతులు ఆరంభించిన ఆసియా మహిళా విశ్వవిద్యాలయం పేద కుటుంబాల బాలికలకు డిగ్రీకి ముందు ఒక ఏడాది సన్నాహక చదువు చెబుతుంది. దుస్తుల కర్మాగారాల్లో పనిచేసే యువతులను చేర్చుకొన్నప్పుడు, చదువుకొనే కాలంలోనూ వారి జీతం ఆగకుండా యజమానులను ఒప్పించడం అక్కడి ప్రత్యేకత. ఫీజు మాఫీ ఒక్కటే చాలదని ఆ విశ్వవిద్యాలయం గుర్తించింది. బాలిక చదువుకు పోతే ఇంటికి తగ్గే కూలి కూడా చదువు ఖర్చే. పత్తి ఏరే కాలంలో రాచర్ల పరిసరాల్లోని బడుల హాజరు పట్టీ తిరగేసిన ఉపాధ్యాయునికి ఈ లెక్క చెప్పనవసరం లేదు.

మన వ్యవస్థలోనూ ఇటువంటి మెట్టు ఒకటి ఉంది, దాన్ని గుర్తించినవారు తక్కువ. పదో తరగతి తరువాత రెండేళ్ళ వ్యవసాయ డిప్లొమా అందించే పాలిటెక్నిక్‌లు గ్రామీణ విద్యార్థులను ఉద్దేశించి ఏర్పడినవి. ప్రకాశం పడమటి భాగం బాలికలకు పొదిలి పాలిటెక్నిక్ అందుబాటులో ఉంది. డిప్లొమా తరువాత అగ్రిసెట్ రాసి బి.ఎస్సీ.లో చేరవచ్చు. ఇంటర్‌లో బైపీసీ దొరకని బాలికకు ఇది రెండో తలుపు. 2019లో గ్రామ సచివాలయాల్లో వ్యవసాయ సహాయకుల పోస్టులకు డిప్లొమాను కూడా అర్హతగా తీసుకోవడంతో ఈ చదువుకు సొంత ప్రాంతంలోనే ఉద్యోగమన్న విలువ వచ్చింది. ఊరి పొలంలోకి ఉద్యోగిగా వచ్చిన యువతిని చూసిన తల్లిదండ్రులకు వేరే ప్రచారం అక్కరలేదు.

మహిళా రైతుకు మహిళా విస్తరణాధికారి ఎందుకన్న ప్రశ్న కూడా అక్కడే తేలుతుంది. పురుషులకు సమానంగా వనరులు అందితే మహిళా రైతుల దిగుబడులు 20 నుంచి 30 శాతం పెరుగుతాయని ఆహార వ్యవసాయ సంస్థ 2011 నివేదిక అంచనా వేసింది. ఆ వనరుల్లో సమాచారం ఒకటి. డానిడా సాయంతో 1990లలో సాగిన మహిళా రైతు శిక్షణ కార్యక్రమం ఈ రాష్ట్రానికి నేర్పిన పాఠం అదే. రచ్చబండ దగ్గరి సమావేశంలో నోరు విప్పని స్త్రీ, కళ్ళంలో తన పక్కన కూర్చున్న యువతిని కందిలో కాయతొలుచు పురుగు గురించి నిస్సంకోచంగా అడుగుతుంది.

ఇందులో విస్తరణ విభాగం చేయగలిగింది పెద్ద నిధులు అడిగేది కాదు. తుది సంవత్సరం విద్యార్థులు గ్రామీణ వ్యవసాయ కార్యానుభవ కార్యక్రమంలో భాగంగా సాధారణంగా ఖరీఫ్ కాలంలో గ్రామాల్లో నివసిస్తారు. వారు ఇళ్ళకు, పొలాలకు వెళ్తారు. ఊళ్ళోని ఉన్నత పాఠశాలకు వెళ్ళేవారు తక్కువ, వెళ్ళినా మొక్కలు నాటే కార్యక్రమంతో సరిపెడతారు. ఆ బృందంలోని విద్యార్థినులు తొమ్మిది, పది తరగతుల బాలికలతో ఒక పూట గడిపి, తాము ఏ గ్రూపు చదివారో, ఏ పరీక్ష రాశారో, హాస్టల్లో ఎలా ఉన్నారో చెబితే చాలు. దర్శి కృషి విజ్ఞాన కేంద్రం శిక్షణలకు వచ్చే మహిళలకు సాగు విషయాలతోపాటు కుమార్తెల ప్రవేశాల వివరాలు కూడా తెలుగులో ఒక పుటలో అచ్చువేసి ఇవ్వవచ్చు. రైతు వాటా కోరేవారు ఒకటో తరగతినుంచి స్టడీ సర్టిఫికెట్లు, భూమి పత్రాలు ముందుగా సిద్ధం చేసుకోవాలి. గిద్దలూరు వంటి పట్టణంలో హాస్టల్లో ఉండి చదివిన బాలిక కూడా అయిదో తరగతి వరకు ఊరి బడిలో చదివి ఉంటే నాలుగేళ్ళ షరతు తీరుతుంది. ఆ ఊరి ప్రాథమిక పాఠశాల మూతపడి వేరే బడిలో విలీనమైన చోట పాత రికార్డు ఎక్కడుందో వెతకడానికి వారాలు పడుతుంది. కౌన్సెలింగ్ తేదీ వచ్చాక అంత వ్యవధి ఉండదు. అందుకే ఈ మాట పదో తరగతి ఫలితాల తరువాత కాక, ఆ పిల్లలు పదిలో చేరే జూన్‌లోనే వారి ఇళ్ళకు చేరాలి.