ధర్సీవా నుంచి ఒక దరఖాస్తు

సేవ చేస్తామనే యువకులున్నారు. సొమ్ము ఖర్చు పెట్టి తీరాలనే చట్టమున్నది. ఈ రెంటినీ కలపవలసిన కాగితం మాత్రం ఊరి భాషలో లేదు.

రాయపూర్ నుంచి బిలాస్‌పూర్ పోయే రహదారిపై ఉత్తర దిశగా ప్రయాణిస్తే ముందుగా సిల్‌తరా పారిశ్రామిక ప్రాంతం తగులుతుంది. స్పాంజి ఇనుము కర్మాగారాల పొగగొట్టాలు, బారులు తీరిన లారీలు, ఆకుల మీద నల్లని పొడి. దానిని దాటి మరికొంత దూరం పోతే ధర్సీవా. వరి పండే నేల; ప్రతి గ్రామానికీ ఒకటో రెండో చెరువులు. కర్మాగారాలు, చెరువులు రెండూ ఒకే బ్లాకులోనివి.

అనువాదం నా వృత్తి. కొంతకాలం కిందట ఆ బ్లాకులోని ఒక గ్రామం నుంచి ఇద్దరు యువకులు నాలుగు పేజీల హిందీ దరఖాస్తుతో నా వద్దకు వచ్చారు. దానిని ఇంగ్లీషులోకి మార్చాలి. కళాశాలలో ఉన్న రెండేళ్ళూ వారు జాతీయ సేవా పథకంలో పనిచేశారు. చదువు ముగియడంతో ఆ సేవ కూడా ముగిసింది. కాని వారు ప్రారంభించిన పని ముగియలేదు. సాయంకాలం పిల్లలకు చదువు చెప్పడం, వేసవిలో చెరువు మెట్ల దగ్గర పూడిక తీయడం, ఫారాలు నింపలేని ముసలివారి పింఛను కాగితాలు చూడడం, ఇవన్నీ ఊళ్ళోని పాతికమంది యువతీయువకులు వంతుల వారీగా చేయాలని వారి సంకల్పం. అందుకు ఏడాదికి కొంత గ్రాంటు కావాలి.

“భయ్యా, పని చేయడం మాకు వచ్చు. రాయడమే రాదు” అన్నాడు వారిలో పెద్దవాడు.

ఆ మాటలోని కష్టం ఎంతటిదో నాకు అప్పుడు పూర్తిగా తెలియలేదు.

గంటకు రెండు రూపాయలు

విద్యార్థులు కొంతకాలం దేశసేవలో గడపాలన్న ఆలోచన మనకు కొత్త కాదు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరం, 1948లో, సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం విద్యాసంస్థలలో స్వచ్ఛంద ప్రాతిపదికపై జాతీయ సేవను ప్రవేశపెట్టాలని సూచించింది. 1959లో సి.డి. దేశ్‌ముఖ్ సంఘం దీనిని తప్పనిసరి చేస్తే ఎలా ఉంటుందో పరిశీలించింది. మరుసటి ఏడు కె.జి. సయ్యదైన్ వివిధ దేశాలలో యువజన సేవ ఎట్లా నడుస్తున్నదో చూసి వచ్చి నివేదిక సమర్పించారు. ఇట్లా ఇరవయ్యేళ్ళు సంఘాల మీద సంఘాలు నడిచాక, గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, అప్పటి కేంద్ర విద్యామంత్రి డాక్టర్ వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాలలో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకాన్ని ప్రారంభించారు. “నేను కాదు, నీవు” అన్నది దాని నినాదం. కోణార్క సూర్యరథ చక్రం దాని చిహ్నం.

నినాదం సంగతి అందరికీ తెలుసు. లెక్క సంగతి తెలిసినవారు తక్కువ. తొలినాళ్ళలో ఒక్కొక్క విద్యార్థికి ఏడాదికి 120 రూపాయలు కేటాయించారు. అందులో కేంద్రం వాటా 70, రాష్ట్రం వాటా 50. రాష్ట్రం వాటా ఆలస్యమైతే కేంద్రం వాటా వచ్చినా పని సాగదు. 2016 నుంచి మొత్తం ఖర్చును కేంద్రమే భరిస్తున్నది. చాలా ఏళ్ళ పాటు ఒక్కొక్క వాలంటీరుకు ఏడాది పొడుగునా జరిగే పనులకు 250 రూపాయలు, ఏడురోజుల ప్రత్యేక శిబిరానికి 450 రూపాయలు చొప్పున ఇచ్చారు; తరువాత ఆ రేట్లు పెంచారు.

ఆ పాత రేట్లను ఒకసారి గుణించి చూద్దాం. యూనిట్‌కు నూరుగురు విద్యార్థులు. ఒక్కొక్కరు ఏడాదికి 120 గంటలు పనిచేయాలి. వెరసి 12,000 గంటలు. దీనికి వచ్చే మొత్తం 25,000 రూపాయలు. అంటే గంట సేవకు రెండు రూపాయల ఎనిమిది పైసలు! శిబిరంలో తలకు రోజుకు 64 రూపాయలు. అందులోనే తిండి, ప్రయాణం, పలుగూ పారా అన్నీ. బడి వరండాలో పడకలు వేసుకుని, ఊరివారు ఇచ్చిన కూరగాయలతో వంట చేసుకుంటే తప్ప ఆ శిబిరం నడవదు. ప్రభుత్వం ఇచ్చింది చాలలేదని చెప్పడానికి ఈ లెక్క వేయలేదు. గ్రాంటు అనేది సేవకు వెల కాదు. మనుషులు ఉచితంగా ఇచ్చే వేల గంటలు చెదిరిపోకుండా కట్టి ఉంచే తాడు వంటిది. తాడు బలహీనమైనా మోపు బరువు తగ్గదు గదా.

మా యువకుల దరఖాస్తులో ఈ గంటల ప్రస్తావనే లేదు. “మా శ్రమకు లెక్కేమిటి భయ్యా, అది ఊరికే కదా?” అన్నారు. గ్రాంటు ఇచ్చేవారు మొట్టమొదట చూసేది దానినే. అడిగేవారు తమ వంతుగా ఏమి తెస్తున్నారు? డబ్బు లేకపోతే శ్రమ చూపవచ్చు. పాతికమంది వారానికి నాలుగు గంటల చొప్పున పనిచేస్తే ఏడాదికి 5,200 గంటలు. ఆ గంటలకు స్థానిక కూలి రేటుతో విలువ కట్టి బడ్జెటులో ఒక వరుసగా వేయవచ్చు. పంచాయతీ ఉచితంగా ఇచ్చే గది, ఎవరో అరువిచ్చే ట్రాక్టరు కూడా ఆ వరుసలోకే వస్తాయి. అమెరికాలో 1993 నాటి చట్టంతో ఏర్పడిన అమెరికోర్ అనే జాతీయ సేవా సంస్థ దీనిని నియమంగానే పెట్టుకున్నది. గ్రాంటు పొందిన సంస్థ మొదటి మూడేళ్ళు ఖర్చులో 24 శాతం తాను తెచ్చుకోవాలి. ఏటేటా పెంచుతూ పదవ సంవత్సరానికి 50 శాతానికి చేరాలి. ఒకే చేతిని నమ్ముకోవద్దన్నది దాని భావం కావచ్చు. అయినా 2025 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం సుమారు 40 కోట్ల డాలర్ల గ్రాంట్లను సంవత్సరం మధ్యలోనే రద్దు చేసింది. వాటిని తిరిగి రాబట్టుకోవడానికి రాష్ట్రాలు న్యాయస్థానాలకు వెళ్ళవలసి వచ్చింది.

మన ప్రాంతంలో ఇంతకంటె పాత ఉదాహరణ ఉన్నది. నేటి అనకాపల్లి జిల్లాలోని దిమిలి గ్రామానికి చెందిన డాక్టర్ బి.వి. పరమేశ్వరరావు అమెరికాలో డాక్టరేటు పొంది వచ్చిన శాస్త్రవేత్త. 1976లో భాగవతుల చారిటబుల్ ట్రస్టు ఏర్పడకముందే ఆయన ఊరివారిని కూడగట్టి ఉన్నత పాఠశాలకు పూనుకున్నారు. ముందు ఊరు కదిలింది. ట్రస్టు తరువాత వచ్చింది.

రెండు మాటల మధ్య

ఇక ఇంగ్లీషు ఫారంలో ఒక గడికి ‘ఔట్‌పుట్’ అనీ, దాని పక్క గడికి ‘ఔట్‌కమ్’ అనీ పేర్లు. హిందీలో రెంటికీ కలిపి ‘పరిణామ్’ అని రాసుకువచ్చారు. తెలుగులోనైనా మనం ‘ఫలితం’ అని ఊరుకుంటాం. ఇన్నేళ్ళ అనువాద వృత్తిలో ఇటువంటి జంటపదాలతో నాకు తగవు కొత్తకాదు గాని, ఇక్కడ తేడా వట్టి మాటల్లోది కాదు. నలభై మొక్కలు నాటడం ఔట్‌పుట్. రెండు వేసవులు గడిచాక అందులో ఎన్ని బ్రతికాయన్నది ఔట్‌కమ్. సాయంకాలపు బడికి ముప్పైమంది పిల్లలు రావడం మొదటిది. వారిలో ఎందరు తమంత తాము ఒక పేజీ చదవగలిగారన్నది రెండవది. ఈ సంగతి చెప్పగానే చిన్నవాడు జేబులోంచి ఒక నోటుపుస్తకం తీశాడు. ఏ పిల్ల ఏ నెలలో ఏ పాఠం దాకా వచ్చిందో అందులో పెన్సిలుతో రాసి ఉన్నది! దరఖాస్తులో మాత్రం “పిల్లల సర్వతోముఖాభివృద్ధి” అని రాశారు. దరఖాస్తు అంటే పెద్ద మాటలు ఉండాలని వారికి ఎవరో చెప్పారట.

ఆ మాట కొట్టివేసి, ఆ నోటుపుస్తకంలోని వివరాలు వేశాను. అనువాదకుడు చేయదగిన పని కాదేమో, అయినా చేశాను.

ఊరి మాటకు కూడా కొలత ఉంటుందనడానికి ఛత్తీస్‌గఢ్‌లోనే నిదర్శనం ఉన్నది. ‘మితానిన్’ అంటే ఇక్కడ ప్రమాణపూర్వకంగా కట్టుకున్న స్నేహబంధంలోని చెలికత్తె. 2002లో రాష్ట్ర ప్రభుత్వం పేట పేటకూ ఒక స్త్రీని ఎన్నుకోమని కోరి, ఆమెకు ఆరోగ్య విషయాలలో శిక్షణ ఇచ్చి, ఆ పేరే పెట్టింది. ‘స్వచ్ఛంద ఆరోగ్య కార్యకర్త’ అని పేరు పెట్టి ఉంటే ఆ పిలుపులో ఆ వెచ్చదనం ఉండేది కాదు. 2005లో దేశమంతటా వచ్చిన ఆశా కార్యకర్తల వ్యవస్థకు ఒరవడిగా నిలిచిన వాటిలో ఈ మితానిన్‌లు ముఖ్యులు.

పొగగొట్టాల నీడలో

దరఖాస్తు పంపవలసింది ఒక పారిశ్రామిక సంస్థకు. దీనికి కారణమున్నది. 2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షను ప్రకారం నికర విలువ 500 కోట్లు గాని, టర్నోవరు 1,000 కోట్లు గాని, నికర లాభం 5 కోట్లు గాని ఉన్న కంపెనీ, గడచిన మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలి. అందులోనూ తాను పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలని చట్టంలోనే ఉన్నది. పొగ తమ చెరువు మీద పడుతున్నప్పుడు ఆ రెండు శాతంలో కాసింత కూడా తమ చెరువుకు రావాలని కోరడం అత్యాశ కాదు గదా!

కాని ఆ చట్టం కింద వచ్చిన నియమాలు మరొక మాట చెబుతున్నాయి. కంపెనీ ఆ పనిని తానే స్వయంగా చేయవచ్చు. బయటి సంస్థ చేత చేయించదలిస్తే అది రిజిస్టరయిన సొసైటీయో, ట్రస్టో కావాలి. ఆదాయపు పన్ను శాఖ వద్ద ధర్మసంస్థగా నమోదు ఉండాలి. దాతలకు పన్ను రాయితీ ఇప్పించే మరొక నమోదు ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి కంపెనీ వ్యవహారాల శాఖ వద్ద వేరే నమోదు సంఖ్య కూడా కావాలి. వీటన్నిటి పైన, అటువంటి పనులలో మూడేళ్ళ అనుభవం చూపాలి. విదేశీ విరాళాల సంగతి ఎత్తవలసిన పనే లేదు. 2020 నాటి నియమాల ప్రకారం అందుకు నమోదు కోరే సంస్థ గత మూడేళ్ళలో 15 లక్షల రూపాయలైనా ఖర్చు చేసి ఉండాలి.

ఈ నియమాలు ఊరికే పుట్టలేదు. సేవ పేరిట బోర్డులు కట్టి సొమ్ము కాజేసినవారు ఎందరో. అందువల్ల తలుపుకు తాళాలు పెరిగాయి. అయితే దొంగకు తాళం తీయడం వచ్చు. గుమస్తాను పెట్టుకున్న పట్నపు సంస్థకు ఏ ఫారమైనా పూరించడం వచ్చు. తాళం ముందు ఆగిపోయేది పెన్సిలు నోటుపుస్తకం ఉన్నవాడే. నిజంగా పనిచేసేవాడు, పనిని గురించి బాగా రాయగలవాడు ఒకడే కానవసరం లేదు. నా వంటివారికి జీవనం దొరుకుతున్నది ఈ ఎడం వల్లనే కనుక దానిని గురించి నేను గట్టిగా మాట్లాడడం కూడా ఎబ్బెట్టే.

తలుపు తెరుచుకున్నాక మరొక బాధ్యత. ప్రభుత్వ గ్రాంటయితే ఆర్థిక సంవత్సరం ముగిసిన పన్నెండు నెలలలోగా వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి. మిగిలిన సొమ్ము చూపాలి. బ్యాంకులో పడిన వడ్డీ కూడా మనది కాదు. రశీదు లేని ఖర్చు ఎంత న్యాయమైనదైనా ఖర్చు కిందికి రాదు. పార బాగుచేసిన కమ్మరి రశీదు ఇవ్వడు గనుక, తేదీ వేసి, పని రాసి, వేలిముద్రో సంతకమో తీసుకునే ఓచరు పుస్తకం ఒకటి మొదటిరోజు నుంచే ఉండాలి. ఈ మాట చెప్పినప్పుడు యువకులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

నెలన్నర తరువాత జవాబు వచ్చింది. మర్యాదగానే రాశారు. ఉద్దేశం ప్రశంసనీయమట, సంస్థకు రిజిస్ట్రేషను గాని, మూడేళ్ళ అనుభవం గాని లేనందున పరిశీలించలేకపోతున్నారట. ఆ ఉత్తరం కూడా ఇంగ్లీషులోనే ఉన్నది. దానిని నేనే వారికి చదివి చెప్పవలసి వచ్చింది.

వారు మళ్ళీ వచ్చేసరికి పుష్య పౌర్ణమి దాటింది. ఆ పౌర్ణమినాడు ఛత్తీస్‌గఢ్ గ్రామాలలో ‘ఛేర్‌ఛేరా’ పండుగ. పంట ఇంటికి వచ్చిన సంతోషంలో పిల్లలు, యువకులు ఇల్లిల్లూ తిరిగి ధాన్యం అడుగుతారు. ఆనాడు అడగడం చిన్నతనం కాదు, లేదనడమే చిన్నతనం. మన ఊళ్ళలో సంక్రాంతి నెలలో హరిదాసు తలమీది పాత్రలో బియ్యం పోసే ఇల్లాళ్ళు జ్ఞాపకం వస్తారు. ఇట్లా పోగైన ధాన్యాన్ని కొన్ని గ్రామాలలో ‘రామ్‌కోఠీ’ అనే ఉమ్మడి గాదెలో దాచి, ఊరి పనులకు వాడడం, అవసరమైనవారికి అప్పివ్వడం పాత ఆచారం. ఈసారి వీరు తమ బృందం పేరు చెప్పి అడిగారు. సాయంకాలపు బడికి లాంతర్లు, పలకలు కావాలని ప్రతి ఇంటి ముందూ చెప్పారు. ఆ దరఖాస్తుకు అనువాదకుడు అవసరం లేకపోయింది.

సొసైటీ రిజిస్టరు చేయించడానికి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆరుగురు సిద్ధం. ఏడవ సభ్యురాలిగా ఆ ఊరి మితానిన్‌ను అడిగారు. కోశాధికారి పదవి ఇస్తేనే వస్తానన్నదట ఆమె. మగపిల్లల చేతికి డబ్బు లెక్క ఇవ్వడం ఆమెకు నమ్మకం లేదు. దానికీ ఒప్పుకున్నారు.

కొత్త క్యాష్ పుస్తకం ఒకటి కొని తెచ్చారు. మొదటి పేజీలో మొదటి పద్దు ఛేర్‌ఛేరా ధాన్యం. ఊళ్ళో ధాన్యం కొలిచేది ‘కాఠా’తో, ఆడిటరుకు కావలసింది కిలోలు, రూపాయలు. ఏది రాయాలని అడిగారు. రెండూ రాయమన్నాను. పెద్దవాడు స్కేలు పెట్టి పేజీ మధ్యన ఇంకొక గీత గీశాడు.