పట్నంలో కలిసిన పల్లెలు

వరంగల్ నుంచి పరకాల మీదుగా కాళేశ్వరం వెళ్ళే బస్సు ఎప్పుడైనా ఎక్కారా? దారిలో భూపాలపల్లి వస్తుంది. కిటికీలోంచి చూస్తే షాపులు, కలెక్టరాఫీసు బోర్డులు, ఒకే అచ్చులో పోసినట్టు వరసగా సింగరేణి క్వార్టర్లు. ఇది ఒకప్పుడు చిన్న పల్లె అంటే నమ్మబుద్ధి కాదు.

బొగ్గు పడింది, కేటీకే గనులు వచ్చాయి. కేటీకే అంటే కాకతీయ ఖని. కొత్తగూడెం, గోదావరిఖని వైపుల నుంచి బదిలీల మీద కుటుంబాలు దిగాయి. 2010లో పక్కనే చెల్పూరులో 500 మెగావాట్ల కరెంటు కేంద్రం మొదలైంది. 2012లో నగర పంచాయతీ, 2016 అక్టోబరు 11న జయశంకర్ సారు పేరుతో జిల్లా. జంగేడు, వేశాలపల్లి, కాసింపల్లి లాంటి పాత ఊళ్ళు పట్నంలో కలిసిపోయాయి.

మంచిదేగా అంటారా? ఆడవాళ్ళ వైపు నుంచి చూడండి. క్వార్టర్లో ఉండే ఆవిడకు కంపెనీ నీళ్ళు, కంపెనీ ఆస్పత్రి. ఆవిడ కష్టం ఆవిడకుందనుకోండి, బాయి పనికి పోయే మనిషిది మొదటి షిఫ్టయితే కోడి కూయకముందే కారేజీ సర్దాలి. పాత ఊళ్ళో ఉండే అత్తమ్మకు ఆ వసతులేవీ రాలేదు. కాగితం మీద మాత్రం ఆమె కూడా పట్నం మనిషే. 2005లో తెచ్చిన ఉపాధి హామీ చట్టం పల్లెలకే గనుక, ఊరు కలిసిపోగానే వంద రోజుల పని పోయింది. ఇంటి పన్ను, ఇల్లు కట్టే పర్మిషను మాత్రం మునిసిపాలిటీ లెక్కన! భూమి ధర పెరిగిందంటారు. భూమి ఉన్నవాళ్ళకు కదా ఆ సంతోషం. కూలికి పోయే ఆమెకు చేను ప్లాట్లయిందంటే కలుపు పని పోయినట్టే.

చండీగఢ్ అంతటి ప్లాను పట్నంలోనూ ఇదే కథ. బురైల్ అనే పాత పల్లె 45వ సెక్టారు నడుమ ఇరుకు సందులతో అలాగే మిగిలింది.

నాకు మరీ బెంగ బతుకమ్మ గురించి. తంగేడు, గునుగు ఎవరూ వేసే పంటలు కావు. బీళ్ళలో, చేల గట్ల మీద వాటంతటవే పూసేవి. బీడు కాలనీ అయితే పూలు బజార్లో కొనుక్కోవాల్సిందే. పెరట్లో రెండు గజాల జాగా ఉంటే మీరే పెంచుకోండి. తంగేడు గింజ పెంకు గట్టిది, వేడినీళ్ళలో పోసి రాత్రంతా నాననిచ్చి పెట్టండి. గునుగు గింజలు నల్లగా, సన్నగా ఉంటాయి. ఎండిన పూలను దులిపి దాచుకుని, తొలకరికి చల్లి, పైన పల్చగా మట్టి కప్పితే పండగ నాటికి పూస్తాయి.