ఇనుము తగ్గితే కాలేయం గట్టెక్కుతుందా?

కామెర్లు అనగానే మన ఊళ్లలో ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది పసరు మందే. నేల ఉసిరి నూరి మజ్జిగలో కలిపి తాగిస్తారు కొందరు, చేతికి వాత పెట్టిస్తారు ఇంకొందరు. కొన్ని వారాలకు కళ్ల పచ్చదనం పోతుంది, పసరుకి పేరొస్తుంది. నిజానికి హెపటైటిస్‌-ఎ, ఇ వైరస్‌ల కామెర్లు చాలామందిలో వాటంతటవే తగ్గిపోతాయి. హెపటైటిస్‌-సి అలా కాదు. ఎక్కువమందికి అసలు కళ్లే పచ్చబడవు. రక్తంలో చేరిన వైరస్‌ ఇరవై ముప్ఫై ఏళ్ల పాటు చడీచప్పుడు లేకుండా కాలేయాన్ని గట్టిపరుస్తుంది. చివరకు సిర్రోసిస్‌, కొందరికి క్యాన్సర్‌.

ఈ వైరస్‌ను 1989లో కనిపెట్టారు. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు పైగా దిక్కు ఇంటర్‌ఫెరాన్‌ ఇంజెక్షన్లే. నెలల తరబడి చలిజ్వరం, నీరసం, దిగులు భరించినా చాలామందిలో వైరస్‌ పోయేది కాదు. అప్పట్లో వేరే దారులు వెతుక్కున్నవాళ్లను ఎలా తప్పుపడతాం?

ఆ దారుల్లో శాస్త్రం గట్టిగా పట్టించుకున్నది ఇనుము తగ్గించడం. పేగులు ఇనుమును ఎంత పీల్చుకోవాలో నిర్ణయించే హెప్సిడిన్‌ అనే హార్మోన్‌ కాలేయంలోనే తయారవుతుంది. హెపటైటిస్‌-సి వైరస్‌ దాన్ని తగ్గిస్తుంది. దాంతో అవసరానికి మించిన ఇనుము ఒంట్లోకి చేరి కాలేయంలో పోగుపడుతుంది, కణాలనూ డీఎన్‌ఏనూ దెబ్బతీస్తుంది. జపాన్‌ వైద్యులు దీనికి పాత పద్ధతే ఎంచుకున్నారు: రక్తం తీయడం. విడతల వారీగా కొంత కొంత తీస్తూ, ఒంట్లో ఇనుము నిల్వల్ని చెప్పే ఫెరిటిన్‌ బాగా కిందికి దిగేదాకా కొనసాగిస్తారు. భోజనంలోనూ ఇనుము తగ్గిస్తారు. కాలేయ వాపును సూచించే ఏఎల్‌టీ దిగివస్తోందని 1994లోనే అక్కడ నమోదైంది. ఏళ్ల తరబడి ఇలా చేసినవాళ్లలో కాలేయ క్యాన్సర్‌ తక్కువగా కనిపించిందని సప్పోరో పరిశోధకులు 2007లో ప్రకటించారు. 2006 నుంచి జపాన్‌ ఆరోగ్య బీమా ఈ చికిత్స ఖర్చునూ భరిస్తోంది. ఇంటర్‌ఫెరాన్‌ తట్టుకోలేని పెద్ద వయసువాళ్లకు ఇది అప్పట్లో నిజమైన ఊరట. అయితే ఒక్కటి మరువకూడదు, వైరస్‌ మాత్రం అక్కడే ఉంటుంది.

మూలికల కథ ఇంత ఆశాజనకంగా లేదు. సిలిమారిన్‌ అనే మొక్క సారం గుళికలను అమెరికాలో 154 మంది రోగులపై పరీక్షించారు. ఏఎల్‌టీని తగ్గించడంలో ఉత్తుత్తి మాత్రల కంటే మెరుగేమీ కాదని 2012లో తేలింది. జపాన్‌లో విరివిగా వాడిన షో-సైకో-టో అనే మూలికల మందు కొందరికి ఊపిరితిత్తుల వాపు తెచ్చి ప్రాణాలే తీసింది. మూలిక కాబట్టి హాని చేయదనే నమ్మకం నన్ను భయపెడుతుంది.

ఇప్పుడు పరిస్థితి పూర్తిగా మారింది. 2013 చివర్లో అమెరికాలో సోఫోస్‌బువిర్‌ వచ్చింది. ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు. 2015లో మన హైదరాబాద్‌ కంపెనీలు నాట్కో, హెటిరో దాన్ని ఎన్నో రెట్లు తక్కువ ధరకు అందించాయి. దీనికి జోడీ మందు కలిపి సాధారణంగా 12 వారాలు వాడితే నూటికి 95 మందికి పైగా వైరస్‌ పోతుంది. మన దేశంలో 2018లో మొదలైన హెపటైటిస్‌ జాతీయ కార్యక్రమం కింద పరీక్షలూ మందులూ ఉచితం. ఇంత సులువైన మందు చేతిలో ఉండగా పసరుతో నెలలు గడిపేయడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఇనుము తగ్గించుకోవడానికి రక్తం తీయించుకుందామని సొంతంగా ఎవరూ పూనుకోవద్దు. రక్తహీనత ఇంత ఎక్కువగా ఉన్న మన ఆడవాళ్లకు అది చేటు. తరచూ రక్తం ఎక్కించాల్సిన తలసీమియా పిల్లలది మరో బాధ: ఎక్కించిన రక్తం నుంచే ఇనుమూ పేరుకుంటుంది, కొందరికి ఈ వైరస్సూ అలాగే సోకింది. వాళ్లకు రక్తం తీయడం కుదరదు, ఇనుమును బయటికి పంపే మందులే వాడాలి. అలాగే కాలేయ జబ్బు ఉన్నవాళ్లు నీరసమని ఐరన్‌ టానిక్‌ కొనుక్కునే ముందు ఫెరిటిన్‌ చూపించుకోవాలి.

హెపటైటిస్‌-సి యాంటీబాడీ పరీక్ష పాజిటివ్‌ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. కొందరిలో వైరస్‌ దానంతటదే పోయి గుర్తు మాత్రం మిగులుతుంది. రక్తంలో వైరస్‌నే వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్షతోనే అసలు సంగతి తెలుస్తుంది. మందులతో వైరస్‌ పోయినా, అప్పటికే సిర్రోసిస్‌ వచ్చినవాళ్లు ఆర్నెల్లకోసారి స్కానింగ్‌ మానకూడదు.