ఇంగ్లీషు వాక్యములోని ఎనిమిది తెగల మాటలు
(పంచాయతీ సభ్యుల కొఱకు)

రేపల్లె నుండి తెనాలికి పోవు రైలుమార్గము మీద భట్టిప్రోలు కలదు. 1892లో అలెగ్జాండర్ రే అను పురావస్తు శాఖాధికారి అచ్చటి బౌద్ధస్తూపమును త్రవ్వించగా ధాతువుల నుంచిన భరిణెలు బయల్పడినవి. వాని మీది లిపి బ్రాహ్మీలిపిలో ఒక భేదము, భాష ప్రాకృతము. రెండువేల యేండ్లకు పూర్వమే ఈ సీమవారు పలు దేశములలో చెల్లుబడి యగు భాషను తమ వ్రాతకు వాడుకొనిరి. ఇంటి భాషతోపాటు వ్యవహారమునకు వేఱొక భాష నేర్చుట మనకు క్రొత్త గాదు.

నేడు అట్టి వ్యవహారభాష ఇంగ్లీషు. 1966 నాటి అధికారభాషా చట్టము వలన మన రాష్ట్రమున తెలుగు అధికారభాష అయినది. కాని రాజ్యాంగములోని 348వ అధికరణము ననుసరించి సుప్రీంకోర్టు, హైకోర్టులలో ఇంగ్లీషే నడచుచున్నది. మోటారు పంపుతో వచ్చు సూచనల పుస్తకము, కంట్రాక్టు ఒడంబడిక, బ్యాంకు కాగితము తఱచుగా ఇంగ్లీషులోనే యుండును. మన పిల్లలు బడిలో మొదట తడబడునదియు ఇంగ్లీషు వ్యాకరణము నందే. అందుచేత పంచాయతీ సభ్యులు దాని మొదటి పాఠమైన భాషాభాగములను తెలిసికొనుట మంచిది.

ఎనిమిది తెగలు

వాక్యములో ఒక్కొక్క మాట చేయు పనినిబట్టి దానిని ఒక తెగలో చేర్చుదురు. పంచాయతీలో సర్పంచి, కార్యదర్శి, సభ్యులు ఎవరి పని వారు చేసినట్లే ఇదియును. యాస్కుడు తన నిరుక్తములో నామము, ఆఖ్యాతము, ఉపసర్గ, నిపాతము అని నాలుగు తెగలు చెప్పెను. తెలుగు వాచకములలో నామవాచకము, సర్వనామము, విశేషణము, క్రియ, అవ్యయము అని ఐదు కలవు. ఇంగ్లీషు బడిపుస్తకములలో సాధారణముగా ఎనిమిది. ఈ యెనిమిదియు ఒకే వాక్యములో చూడుడు:

“హుర్రా! హి అండ్ ది ఓల్డ్ ఫార్మర్ క్విక్లీ వెంట్ టు రేపల్లె.”

అనగా “సెబాసు! అతడును, ఆ ముసలి రైతును వడిగా రేపల్లెకు వెళ్ళిరి.” ఇందు ఫార్మర్, రేపల్లె అనునవి పేర్లు, ఇవి నౌనులు, అనగా నామవాచకములు. పేరునకు బదులుగా వచ్చిన హి ప్రొనౌన్, సర్వనామము. రైతు ఎట్టివాడో తెలుపు ఓల్డ్ అడ్జెక్టివ్, విశేషణము. జరిగిన పనిని తెలుపు వెంట్ వెర్బ్, క్రియ. ఆ పని ఎట్లు జరిగెనో తెలుపు క్విక్లీ అడ్వర్బ్, క్రియావిశేషణము. టు అనునది ప్రిపొజిషన్. మన ‘కు’ ప్రత్యయము చేయు పనినే చేయును. రెంటిని కలుపు అండ్ కంజంక్షన్. సంతోషమును వెలిపుచ్చు హుర్రా ఇంటర్జెక్షన్. ఇక మిగిలినది ది. దీనిని కొందఱు విశేషణములలో చేర్చిరి. 1795లో ఇంగ్లీషు వ్యాకరణము వ్రాసిన లిండ్లీ మర్రే దీనిని వేఱు తెగగా నెంచి మొత్తము తొమ్మిది చెప్పెను.

మాటను చూడగానే తెగ నిర్ణయింపరాదు. వాటర్ అనగా నీరు, అది నామవాచకము. కాని “వాటర్ ది ఫీల్డ్” అన్నచో “చేనికి నీరు పెట్టుము” అని యర్థము. అక్కడ అదే మాట క్రియ. కనుక మాట యేది యని గాక, ఈ వాక్యములో అది చేయు పని యేది యని విచారింపవలెను.

తెలుగువారు తడబడు తావులు

మొదటిది మాటల వరుస. మనము “రైతు పొలము దున్నెను” అని క్రియను చివర నుంతుము. ఇంగ్లీషులో క్రియ నడుమ వచ్చి, పొలము చివరకు పోవును. రెండవది ప్రత్యయము. మనము “తెనాలి నుండి రేపల్లెకు” అని పేరు వెనుక చేర్చుదుము. ఇంగ్లీషువారు “ఫ్రమ్ తెనాలి టు రేపల్లె” అని పేరునకు ముందుంచుదురు. ఈ రెండు భేదములు పిల్లలకు మొదటనే చెప్పినచో సగము తప్పులు తగ్గును.

మూడవది సర్వనామము. తెలుగులో మేము వేఱు, మనము వేఱు. ఇంగ్లీషులో రెంటికిని వి ఒక్కటియే. కంట్రాక్టరు “ఖర్చు వి భరింతుము” అను అర్థముతో ఇంగ్లీషున వ్రాసి యిచ్చినచో, ఆ వి అతని సంస్థ మాత్రమేనా, పంచాయతీ కూడనా? ఆ మాటకు బదులు ఖర్చు భరించువారి పేరు వ్రాయించుకొని పిమ్మట సంతకము చేయుట మేలు.

షల్, మే

వెర్బులలో సహాయక్రియలని కొన్ని కలవు. చట్టములలో ఇవి మిక్కిలి బరువైనవి. షల్ అన్నచో సాధారణముగా తప్పక జరుగవలెనని, మే అన్నచో చేయవచ్చునని అర్థము. సందర్భమునుబట్టి న్యాయస్థానములు వేఱుగా అర్థము చెప్పిన సందర్భములును కలవు గాని, చదువరి మొదట గ్రహింపవలసిన భేదమిది.

దీనికి మన పంచాయతీలే నిదర్శనము. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ వలన 243వ అధికరణము క్రింద పంచాయతీల భాగము చేరినది. రాష్ట్రములలో పంచాయతీలు ఏర్పడవలెనని చెప్పు 243-బి లో షల్ ఉన్నది. స్త్రీలకు, షెడ్యూల్డు కులములకు, తెగలకు స్థానములను ప్రత్యేకించు 243-డి లోను షల్ ఉన్నది. కాని పంచాయతీలకు అధికారములను, పదునొకండవ షెడ్యూలులోని 29 విషయములకు సంబంధించిన బాధ్యతలను ఒసగు 243-జి లో “శాసనసభ ఒసగవచ్చును” అను అర్థముతో మే ఉన్నది. పన్నులు విధించు అధికారమునకు సంబంధించిన 243-హెచ్ లోను మే యే కలదు. పంచాయతీ ఉండితీరవలెను, దాని చేతికి ఎంత అధికారము వచ్చునో రాష్ట్ర శాసనముపై ఆధారపడును. ఒక రాష్ట్రమునకు, వేఱొక రాష్ట్రమునకు పంచాయతీల అధికారములలో భేద ముండుటకు మూలము ఈ చిన్న క్రియాపదమే.

కంజంక్షనులును ఇట్టివే. “ఇటుక అండ్ సిమెంటు” అన్నచో రెండును సరఫరా చేయవలెను. “ఇటుక ఆర్ సిమెంటు” అన్నచో ఒక్కటి యిచ్చి ఊరకుండవచ్చును. ఒక్క మాటతో పంచాయతీ సొమ్ము నష్టపోవును.

సభ్యులు చేయదగినది

ఇంగ్లీషు కాగితము చేతికి వచ్చినప్పుడు మొదట క్రియను గుర్తించి దాని క్రింద గీత గీయుడు. ఆ పని చేయవలసినవారెవరో చూడుడు. పిమ్మట షల్, మే, అండ్, ఆర్, నాట్ అను చిన్న మాటలను గుర్తింపుడు. అర్థము కానిచో తెలుగు ప్రతిని అడుగుటకు సంకోచింపవలదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తును సైతము తెలుగులోనే వ్రాసుకొనవచ్చును. భాష రాకపోవుట తప్పు గాదు. తెలియని దానిపై సంకోచముతో సంతకము చేయుటయే నష్టకరము.

బడికి పోవునప్పుడు పిల్లలను ఎనిమిది పేర్లు వల్లింపుమని అడుగవలదు. ఊరి కాలువను గూర్చియో, సంతను గూర్చియో ఒక ఇంగ్లీషు వాక్యము చెప్పించి, అందు ఏ మాట ఏ పని చేయుచున్నదో అడుగుడు. చెప్పగలిగిన పిల్లవాడు రేపు తన తండ్రి చేతి కాగితమును చదివి అర్థము చెప్పగలడు. ఆ నాడు మన గ్రామమునకు అంతకంటె కావలసిన దేమున్నది?